సీతాపతికి ఉపాధి దొరికిన విధం

ఉపద్రష్ట సీతాపతి చేతులు చాలా మెత్తనివి. నలభై ఏడేళ్ళ జీవితంలో అవి చేసిన అతి కష్టమైన పని స్టేప్లర్ నొక్కడం. ఇంట్లో బల్బు మాడిపోతే భార్య రాజ్యలక్ష్మి స్టూలెక్కి మార్చేది, సీతాపతి కింద నిలబడి స్టూలు పట్టుకునేవాడు. ఒకసారి ఆవిడ పడబోయినప్పుడు, అతను అంతసేపూ పట్టుకున్నది స్టూలు కాదనీ పక్కనున్న కర్టెన్ అనీ తేలింది.

ఇలాంటి మనిషి హైదరాబాదులోని సుహస్త ఫౌండేషన్‌లో దివ్యాంగుల ఉపాధి విభాగానికి పద్దెనిమిదేళ్ళుగా సీనియర్ ప్రోగ్రాం ఆఫీసరు. జిల్లాల నుంచి వచ్చే దరఖాస్తులు చదివి గ్రాంటుకు సిఫారసు చేయడం, ఆరు నెలలకోసారి వాళ్ళు పంపే నివేదిక మీద 'సంతృప్తికరం' అని రాయడం అతని పని. ఫొటోలు జతచేసి ఉంటే 'మిక్కిలి సంతృప్తికరం' అని రాసేవాడు. తను గ్రాంటు ఇప్పించినవాళ్ళలో ఒక్కరినీ అతను కళ్ళతో చూసి ఎరగడు. అందుకు ఎప్పుడూ బాధపడలేదు. దేవుణ్ణి మాత్రం ఎవరు చూశారు, దండం పెట్టడం మానుకున్నారా అని సమాధానం చెప్పుకునేవాడు.

ఆ ఏడాది మార్చిలో ఫౌండేషన్ డైరెక్టరు ప్రద్యుమ్నగారు బెంగుళూరులో మూడు రోజుల సదస్సుకు వెళ్ళొచ్చారు. ఆయన ఏ సదస్సు నుంచీ ఉత్తచేతులతో రారు. అంతకుముందు ఏడాది 'మౌన నాయకత్వం' తెచ్చారు. దాన్ని అమలుచేసిన మూడు నెలలూ ఆఫీసులో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు. పని మాత్రం ఎప్పటిలాగే సాగింది.

ఈసారి సిబ్బందినంతా హాల్లో కూర్చోబెట్టి ఆయన గొంతు సవరించుకున్నారు.

"మిత్రులారా! ఇన్నాళ్ళూ మనం నిధులిచ్చాం, చెయ్యి ఇవ్వలేదు. దూరం నుంచి విదిలించే చెయ్యి దాత చెయ్యి కాదు. నేటి నుంచి మనది హస్తస్పర్శ విధానం."

సాయంత్రానికల్లా సర్క్యులర్ వచ్చింది. 'గ్రాంటు పొందు ప్రతి సంస్థయందును సంబంధిత అధికారి మూడు మాసములు మకాము చేసి, లబ్ధిదారుల పనిపై స్వహస్తమును ఉంచవలెను. దినమునకు నాలుగు గంటల స్పర్శ నమోదు కావలెను. స్పర్శ నమోదు సంతృప్తికరముగా ముగిసిన పిమ్మటనే మంజూరైన సామగ్రి విడుదల కాగలదు.'

సీతాపతి ఆ కాగితం పట్టుకుని డైరెక్టరు గదికి వెళ్ళాడు.

"సార్, ఈ స్వహస్తం అన్నది... అలంకారమే కదండీ?"

ప్రద్యుమ్నగారు కళ్ళజోడు తీసి జాలిగా చూశారు. "సీతాపతీ, అలంకారాలు వాడీ వాడీ మనం ఇలా తయారయ్యాం. స్వహస్తం అంటే నీ చెయ్యి."

సీతాపతి తన చేతి వైపు చూసుకున్నాడు. దానికి ఈ విషయం ఇంకా తెలిసినట్టు లేదు.

*

అతనికి వినుకొండ పడింది. అక్కడ షేక్ మస్తాన్‌బీ అనే ఆవిడ మోటారు వైండింగ్ షాపు నడుపుతోంది. కాలిపోయిన బోరు మోటార్లు తెస్తే, లోపల మాడిన రాగి తీగ లాగేసి కొత్త తీగ చుట్టి ఇస్తారు. ముప్పై ఎనిమిదేళ్ళ మస్తాన్‌బీకి చిన్నప్పుడు పోలియో సోకి కుడికాలు చచ్చుబడింది. తండ్రి దగ్గర ఈ పని నేర్చుకుని, ఆయన పోయాక షాపు తన చేతుల్లోకి తీసుకుంది. ఆవిడ దగ్గర ఇద్దరు పనివాళ్ళు. ఏసోబుకు పుట్టుకతోనే చూపు లేదు, తీగ చుట్టడం అతని పని. కోటేశ్వరికి వినపడదు, మాట రాదు. చుట్టిన తీగను మోటారు లోపలి సన్నని గాడుల్లో పొందిగ్గా సర్దడం ఆమె పని.

మస్తాన్‌బీ ఫౌండేషన్‌ను అడిగినవి రెండే. ఒకటి, వార్నిష్ ఆరబెట్టే కరెంటు పొయ్యి. చుట్టిన మోటారుకు వార్నిష్ పోసి ఆరబెట్టాలి. పెద్ద బల్బుల కింద పెడితే రెండు రోజులు పడుతుంది, పొయ్యి ఉంటే ఒక పూట చాలు. రెండోది, కొత్తగా ఒకరికి పని నేర్పి షాపులోనే ఉద్యోగమివ్వడానికి శిక్షణ స్థానం. దసరాకు ముందు పెట్టుకున్న దరఖాస్తు అది. సీతాపతి బస్సు దిగేసరికి ఏప్రిల్ వచ్చేసింది. ఆ ప్రాంతంలో బోరు మోటార్లు కాలేది ఏప్రిల్, మే నెలల్లోనే. షాపు ముందు పదకొండు మోటార్లు వరసగా పడుకుని ఉన్నాయి.

మస్తాన్‌బీ ఇనప పట్టీ కట్టిన కాలిని ఈడ్చుకుంటూ గడప దాకా వచ్చి, అతని వెనక రోడ్డు వైపు తొంగిచూసింది.

"రాండి సారూ. పొయ్యి వెనకాల లారీలో వస్తందా?"

"లేదమ్మా. ముందు నేను వచ్చాను."

"మీరేం చేస్తారు?"

"చెయ్యి వేస్తాను."

"దేనిమీద?"

సీతాపతి సర్క్యులర్ తీసి చదివి వినిపించాడు. ఆవిడ మొత్తం విన్నది. ఏసోబు కూడా తీగ చుట్టడం ఆపి విన్నాడు. చివరికి మస్తాన్‌బీ నిట్టూర్చి, "సరే, అది అయితేగానీ పొయ్యి రాదంటన్నారుగా. వెయ్యండి. పెద్దోళ్ళు, కూకోని వెయ్యండి" అని స్టూలు చూపించింది.

ఏసోబు పని చూస్తే సులువుగానే ఉంటుంది. ఒక చేత్తో చిన్న చక్రం తిప్పుతాడు, రెండో చేతి వేళ్ళ మధ్య నుంచి రాగి తీగ జారుతూ చెక్క అచ్చు మీద చుట్టుకుంటుంది. పెదాలు కదలకుండా లోపల లెక్కపెడుతుంటాడు. ఎన్ని చుట్లు ఉండాలో అన్నే ఉండాలి. తగ్గితే మోటారు వేడెక్కి కాలిపోతుంది. సీతాపతి స్టూలు దగ్గరికి జరుపుకుని, ఏసోబు చేతి మీద తన చెయ్యి వేసి, గడియారం చూసుకున్నాడు.

ఏసోబు చెయ్యి ఆగింది. "ఏంది సారూ?"

"ఏం లేదు బాబూ. నీ పని నువ్వు చేసుకో. ఇది మద్దతు."

"బరువుగా ఉందండీ."

"అలవాటవుతుంది."

సీతాపతి ఫోన్లో ఫొటో తీసుకున్నాడు. రెండు చేతులు, ఒకటి నల్లగా గట్టిగా, ఒకటి తెల్లగా లడ్డూలాగా. ఆ రోజు ఏసోబు అయిదుసార్లు లెక్క తప్పి అయిదుసార్లు మొదటికొచ్చాడు. ఆరోసారి, "నూట పన్నెండా నూట పదమూడా?" అని తనలో తను గొణుక్కున్నాడు. సహాయం చేద్దామని సీతాపతి "పదమూడు" అన్నాడు. అతను లెక్కపెట్టలేదు. కానీ మద్దతు ఇవ్వడానికి వచ్చినవాడు తెలియదంటే ఏం బాగుంటుంది?

ఆ రోజు స్పర్శ పత్రంలో 'లబ్ధిదారు స్పర్శకు ఇంకనూ సుముఖముగా లేడు. కౌన్సెలింగ్ అవసరము' అని రాసి హైదరాబాదు పంపించాడు.

*

ఆ రోజు చుట్టిన మోటారు పిచ్చయ్య అనే రైతుది. రెండెకరాల బత్తాయి తోట, చెట్ల నిండా పిందె. మోటారు తీసుకెళ్ళి బోరులో దింపిన నాలుగో రోజు అతను మళ్ళీ షాపు ముందు ట్రాలీ ఆటో దిగాడు. దించిన మోటారు నుంచి మాడు వాసన వస్తోంది.

"ఎవురమ్మా దీన్ని చుట్టింది? నాలుగు రోజులు కూడా ఆడలా. పిందె రాలిపోతంది. దింపుడు కూలి, ఎత్తుడు కూలి అటుంచు, నీళ్ళెట్టా ఇప్పుడు?"

"పొరపాటైంది పిచ్చయ్యన్నా. మళ్ళీ చుట్టిస్తా, ఉండు."

"నీ షాపులో పొరపాటంటే నమ్మేదెట్టా? ఏసోబూ, నువ్వేనా చుట్టింది?"

ఏసోబు మొహం ఎర్రబడింది. "ఇరవై ఏళ్ళలో నా చుట్టు తప్పలేదు. ఆ రోజు చక్రం మీద రెండు చేతులున్నాయి. రెండోది ఎవరిదో నన్ను అడగమాకన్నా."

సీతాపతి ముందు పెన్ను వైపు చూశాడు, తర్వాత గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. క్యాలెండర్లో కూడా ఏమీ దొరకలేదు. చివరికి బళ్ళో పిల్లవాడిలా చెయ్యి ఎత్తాడు.

"ఆ చెయ్యి నాదేనండీ."

పిచ్చయ్య అతన్ని పైనుంచి కిందికి చూశాడు. "మీరెవరు?"

"హైదరాబాదు నుంచి సాయం చేయడానికి వచ్చాను."

పిచ్చయ్య తలగుడ్డ విప్పి దులిపి మళ్ళీ చుట్టుకున్నాడు. తిట్టలేదు. తిట్టి ఉంటే సీతాపతికి కొంత నయంగా ఉండేది.

ఏసోబు ఆ పూటే ఒక్కడే కూర్చుని మోటారు చుట్టాడు. బల్బుల కింద అది ఆరడానికి రెండు రోజులు పట్టింది. ఈలోగా సగం పిందె రాలిపోయిందని తర్వాత తెలిసింది. ఆ వారం స్పర్శ పత్రంలో 'స్పర్శ ప్రభావము' అన్న గడి దగ్గర సీతాపతి చాలాసేపు ఆలోచించి, 'తీవ్రము' అని రాశాడు. హైదరాబాదు నుంచి అభినందనలు వచ్చాయి.

మర్నాడు మస్తాన్‌బీ స్టూలు లాక్కుని అతని ఎదురుగా కూర్చుంది.

"సారూ, ఒక మాట చెప్తా, కోపం తెచ్చుకోమాకండి. మీరు చెయ్యి వెయ్యకపోతే మాకు పొయ్యి రాదు. వేస్తే మోటారు కాల్తంది. ఇంక ఒకటే దారి. మీరు పని నేర్చుకోండి. నేర్చుకున్న చెయ్యి వేస్తే ఏం కాదు."

సీతాపతికి ఆ మాట సబబుగా తోచింది. అనుమతి కోసం హైదరాబాదుకు రాశాడు. మూడో రోజుకు జవాబు వచ్చింది. 'గ్రాంటు పొందిన ప్రాంగణమందు పనిముట్లను శిక్షణార్థిగా నమోదైన వారు తప్ప నూతన వ్యక్తులెవరును తాకరాదు. కావున తాము శిక్షణార్థిగా నమోదగుటకు పని సామర్థ్య అంచనా పత్రమును పూరించి పంపవలెను.'

ఆ పత్రం సీతాపతికి బాగా తెలుసు. ఎనిమిదేళ్ళ క్రితం తనే తయారుచేశాడు. డాక్టర్ల కాగితాలతో నిమిత్తం లేకుండా, మనిషి ఎంచుకున్న వృత్తిలో ఏ పనులు చేయగలడో ఏవి చేయలేడో తేల్చే పన్నెండు ప్రశ్నలు. అప్పట్లో దానికి ఫౌండేషన్‌లో మంచి పేరు కూడా వచ్చింది. నూటికి నలభై మించి చేయలేనివి ఉంటే అర్హుడు.

మస్తాన్‌బీ ఒక్కొక్కటీ చదివింది. సన్నని తీగ రెండు కొసలు కలిపి మెలిపెట్టగలరా? సీతాపతి ప్రయత్నించాడు. తీగ మెలిపడలేదు, వేలు తెగింది. ఇరవై కిలోల బరువు నేల మీది నుంచి బల్ల మీదికి ఎత్తగలరా? సగం దాకా ఎత్తాడు, కోటేశ్వరి పరుగెత్తుకొచ్చి అందుకుంది. చూడకుండా, తాకి తీగ మందం చెప్పగలరా? చూసి కూడా చెప్పలేకపోయాడు. గంటసేపు మాట్లాడకుండా ఒకే పని చేయగలరా? ఇది చేయగలనని గట్టిగా అన్నాడు. మస్తాన్‌బీ ఎదురుచూసింది. ఏడు నిమిషాలకు "ఇంకెంతసేపండీ?" అని అడిగాడు.

"నూటికి ఎనభై మూడు చేయలేరు సారూ" అంది ఆవిడ లెక్క తేల్చి. "ఏసోబుకు నేను వేస్తే ఎనిమిది వచ్చింది."

ఏసోబు అవతలి నుంచి, "అదేంది, నాకేం ఎనిమిది?" అన్నాడు రోషంగా.

సీతాపతి ఆ కాగితం చేతిలో పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళుగా ఎందరి పేర్ల ఎదురుగానో ఈ అంకెలు చూసి సంతకం పెట్టాడు. తన పేరు ఎదురుగా అంకె ఎలా ఉంటుందో ఎప్పుడూ ఊహించలేదు. అది చూడటానికి పెద్దగా, కొంచెం ఎత్తిపొడుస్తున్నట్టుగా ఉంది.

హైదరాబాదులో ఆ పత్రాన్ని ఎవరూ పేరు చూసి చదివినట్టు లేదు. వారం తిరక్కుండా ఉత్తర్వు వచ్చింది. 'అభ్యర్థి ఉ. సీతాపతి అర్హులని తేలినది. తమ సంస్థకు మంజూరైన ఏకైక శిక్షణ స్థానము భర్తీ అయినదని తెలియజేయుటకు సంతసించుచున్నాము.'

మస్తాన్‌బీ రెండుసార్లు చదివింది. "ఏకైక అంటే... ఉన్న ఒక్కటీనా?"

"అలాగే ఉందమ్మా."

"అది దీనమ్మది కదా సారూ!"

*

దీనమ్మ సోమవారం వచ్చింది. ఇరవై మూడేళ్ళ పిల్ల, రెండు కాళ్ళూ పనిచేయవు. చేతులతో తిప్పే మూడు చక్రాల బండి మీద ఆరు కిలోమీటర్ల అవతలి ఊరి నుంచి వస్తుంది. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ కోర్సు చదివి మంచి మార్కులతో పాసైంది. ఎక్కడికి వెళ్ళినా మెట్లు చూపించారు. పొయ్యి, స్థానం మంజూరయ్యాయని తెలిసిన నాటి నుంచీ ప్రతి సోమవారం వచ్చి ఎప్పుడు చేరమంటారని అడిగి వెళుతోంది.

జరిగింది విని, ఆమె ఏడవలేదు, అరవలేదు. బండి గడప దగ్గర ఆపి, లోపల తీగతో కుస్తీ పడుతున్న సీతాపతిని కాసేపు చూసింది.

"సారూ, మీ చోటు నాకెప్పుడొచ్చుద్ది?"

"నేను పని నేర్చుకుని ఉద్యోగంలో కుదిరితే ఖాళీ అవుతుందమ్మా. మధ్యలో మానేస్తే మాత్రం శిక్షణ విఫలమైందని మొత్తం గ్రాంటు రద్దవుతుంది."

"పొయ్యి కూడా?"

"పొయ్యి కూడా."

"అయితే తొందరగా నేర్చుకోండి" అంది దీనమ్మ. "ముందు ఆ తీగ అట్టా కాదు పట్టుకునేది. కుడిచేతిలో వదులుగా, ఎడం చేతిలో బిగువుగా."

ఆ రోజు నుంచి ఆమె వారానికోసారి కాకుండా రోజూ వచ్చింది. నమోదు కాని మనిషి పనిముట్లు తాకరాదు కాబట్టి గడప అవతలే బండిలో కూర్చుని నోటితో చెప్పేది. తాకడానికి అనుమతి ఉన్న సీతాపతి లోపల కూర్చుని చేసేవాడు. పని తెలిసినామెకు చెయ్యి పెట్టే వీల్లేదు, చెయ్యి పెట్టే వీలున్నవాడికి పని తెలియదు. దారిన పోయేవాళ్ళు ఆగి, ఆ అమ్మాయి అంత పెద్దాయన్ని ఎందుకలా తిడుతోందని అడిగేవారు.

సీతాపతి నిజంగానే కష్టపడ్డాడు. చేతులు బొబ్బలెక్కాయి. రాత్రి భోజనం దగ్గర అన్నం కలుపుకోవాలంటే మంట. రాజ్యలక్ష్మికి ఫోన్ చేసి చెప్పుకుంటే, "ఇప్పుడు బల్బు మార్చగలరా?" అని అడిగింది. ఇంకా ఆ పాఠం రాలేదన్నాడు.

మే రెండో వారానికి చుట్ల లెక్క కొంచెం పట్టుబడింది. నూట ఇరవై దాకా తప్పకుండా వెళ్ళగలుగుతున్నాడు. సరిగ్గా అప్పుడే హైదరాబాదు నుంచి ఇంకో ఆఫీసరు దిగాడు. ఆయన పేరు పరాంకుశం, అరవై దగ్గరపడ్డ ఇంటర్నల్ ఆడిటరు. చేతిలో సూట్‌కేసు, చంకలో స్పర్శ పత్రాల కట్ట.

"మీరు లబ్ధిదారు అయ్యారు కదా" అన్నాడాయన స్టూలు జరుపుకుంటూ. "మరి మీకు స్పర్శ ఎవరిస్తారు? నన్ను వేశారు. కొనసాగించండి." అని సీతాపతి చేతి మీద తన చెయ్యి వేశాడు.

ఆ చెయ్యి తడిగా ఉంది. దాని వెనక ఒక ముక్కు బుసలు కొడుతోంది. ముప్పై నాలుగు, ముప్పై అయిదు. పరాంకుశం దగ్గాడు. ముప్పై... సీతాపతి మొదటికొచ్చాడు. పదకొండు, పన్నెండు. "వేడిగా ఉంది కదూ ఊరు?" అన్నాడు పరాంకుశం. మళ్ళీ మొదటికి. నాలుగోసారి తొంభై దాకా వచ్చాక, "ఏదీ, ఇటు చూడండి, ఫొటో" అన్నాడు.

"చెయ్యి తియ్యండి పరాంకుశంగారూ!" అని సీతాపతి అరిచాడు. అంత గట్టిగా అతను జీవితంలో అరవలేదు. "నేను చేసుకోగలను. మీరు తీస్తే చేసుకోగలను!"

అవతల చక్రం దగ్గర ఏసోబు నవ్వడం మొదలుపెట్టాడు. భుజాలు ఊగిపోయేలా, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వాడు. గడప అవతల దీనమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పరాంకుశం మాత్రం ఏమీ అనుకోకుండా పత్రం తీసి రాసుకున్నాడు. సీతాపతి వంగి చూశాడు. 'లబ్ధిదారు స్పర్శకు సుముఖముగా లేడు. కౌన్సెలింగ్ అవసరము.'

సీతాపతి లేచి ఏసోబు దగ్గరికి వెళ్ళి పక్కన నేల మీద కూర్చున్నాడు.

"ఏసోబూ, నీ మీద నేనూ సరిగ్గా ఇదే రాశాను."

"అట్టాగా సారూ? ఏమని రాశారు?"

చెప్పాడు. ఏసోబు కళ్ళు తుడుచుకుని, "పోన్లెండి. మీ మీదా రాశారుగా" అన్నాడు.

*

జూన్ మొదటి వారంలో సీతాపతి మోటారు పూర్తయింది. తొలి నుంచి చివరి దాకా తనే చేశాడు. స్విచ్ వేస్తే తిరిగింది! ఆ చప్పుడు అతని చెవులకు నాదస్వరంలా వినిపించింది. పరీక్షించేది కోటేశ్వరి. ఆమె వంగి మోటారు ఒంటి మీద అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంది. షాపులో ఏ మోటారైనా ఆమె చెయ్యి ఒప్పుకున్నాకే బయటికి వెళుతుంది. ఒక నిమిషం తర్వాత చెయ్యి తీసి, సీతాపతి వైపు జాలిగా చూసి తల అడ్డంగా ఊపింది.

"బాగానే తిరుగుతోందే!" అన్నాడు సీతాపతి.

"లోపల అదురుతుందంట" అంది మస్తాన్‌బీ. ఇరవై నిమిషాలకు మోటారు నుంచి సన్నగా పొగ వచ్చింది.

మస్తాన్‌బీ అతనికి గ్లాసుడు మజ్జిగ ఇచ్చింది. "సారూ, మీరు మంచోరు. టైముకు వస్తారు, కష్టపడతారు, ఒకర్ని ఒక మాట అనరు. కానీ నేను మిమ్మల్ని పనిలో పెట్టుకోలేను. రైతుల తోటలు ఎండిపోతాయి."

"తెలుసమ్మా" అన్నాడు సీతాపతి. పద్దెనిమిదేళ్ళలో ఎందరి దరఖాస్తుల మీదో 'తగిన అర్హత లేదు' అని రాశాడు. ఎదురుగా కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి చెప్పాలని అతనికి ఎప్పుడూ తట్టలేదు.

ఇప్పుడేం దారి? మానేస్తే గ్రాంటు రద్దు. ఉద్యోగంలో కుదిరితే తప్ప చోటు ఖాళీ కాదు. ఇక్కడ కుదిరే మాట లేదు. ఇన్నాళ్ళుగా ఇక్కడ ఎవరూ చదవని గ్రాంటు ఒప్పంద పత్రం దీనమ్మ అడిగి తీసుకుంది. బండిలో కూర్చుని పదహారు పేజీలూ చదివింది.

"సారూ, ఇక్కడ చూడండి. 'శిక్షణార్థికి ఈ సంస్థయందు గాని, తత్సమాన సంస్థయందు గాని ఉపాధి లభించినచో' అని ఉంది. ఇంకో సంస్థ అయినా పర్లేదంట."

"నన్నెవరు పెట్టుకుంటారమ్మా?"

"మీ ఫౌండేషనే పెట్టుకోమనండి. అందరికీ ఉద్యోగాలిమ్మని చెప్తారుగా, వాళ్ళ దగ్గర మా బోటోళ్ళు ఎంతమంది ఉన్నారు?"

సీతాపతి ఆలోచించాడు. వేళ్ళు ముడిచి లెక్కపెట్టబోయాడు. ఒక్క వేలు కూడా ముడుచుకోలేదు.

"ఎవరూ లేరు" అన్నాడు.

"ఇరవై ఏళ్ళలోనా?"

"ఇరవై ఆరు."

దీనమ్మ ఒప్పందం మడిచి అతని చేతికిచ్చింది.

ఇంటర్వ్యూ ఫోన్లో జరిగింది. ప్రద్యుమ్నగారు స్వయంగా చేశారు.

"మీ పూర్వానుభవం?"

"పద్దెనిమిదేళ్ళు తమ దగ్గరే పనిచేశానండి."

"అద్భుతం! ఇలాంటి అనుభవం ఉన్న శిక్షణార్థి దొరకడం చాలా అరుదు. సరిగ్గా మీకు తగిన పోస్టు ఒకటి రెండు నెలలుగా ఖాళీగా ఉంది. సీనియర్ ప్రోగ్రాం ఆఫీసరు."

"సార్, ఒక్క మాట. నాకు ఏ వైకల్యమూ లేదండి. నాకు వైండింగ్ రాదు, అంతే. ఈ ఉద్యోగం నిజంగా అవసరమున్న వాళ్ళకి..."

"ఒప్పుకోలేకపోతున్నారు. సహజం" అన్నారు డైరెక్టరు మృదువుగా. "ఈ దశ దాటడానికే మేమున్నాం. మీ చెయ్యి మేం వదలం."

*

సభ షాపు ముందే పెట్టారు. 'నూటికి నూరు శాతం ఉపాధి' అని బ్యానరు కట్టారు. ఒక్క శిక్షణార్థి, ఒక్క ఉద్యోగం, కాబట్టి లెక్కలో దోషం లేదు. ఏసోబూ కోటేశ్వరీ గ్రాంటుకు ముందు నుంచే పని చేస్తున్నారు గనుక లెక్కలోకి రారని పరాంకుశం తేల్చాడు. ప్రద్యుమ్నగారు కారు దిగి అందరి చేతులూ పట్టుకుని ఊపారు. సీతాపతికి శాలువా కప్పి, "ఒకప్పుడు ఈయన చెయ్యి తీగ కూడా పట్టలేకపోయేది. నేడు ఈయన ఒక గొప్ప సంస్థలో అధికారి!" అన్నారు. జనం చప్పట్లు కొట్టారు. వెనక నిలబడ్డ ఒక ముసలాయన, "పాపం, చూస్తే బాగానే ఉన్నాడు, ఏంటో లోపం?" అని పక్కవాణ్ణి అడగడం సీతాపతికి స్పష్టంగా వినిపించింది.

శిక్షణార్థి గురించి నాలుగు మాటలు చెప్పమని ఏసోబుకు మైకు ఇచ్చారు. అతను చాలాసేపు ఆలోచించాడు. "రోజూ టైముకు వచ్చేవాడు" అన్నాడు. ఇంకేమైనా చెప్పమన్నారు. "చెయ్యి తియ్యమంటే ఎందుకంటారో ఆయనకి తెలుసు. మిగతా ఆఫీసర్లకి తెలీదు" అని మైకు ఇచ్చేశాడు. డైరెక్టరుగారు చప్పట్లు కొట్టించారు.

సభ ముగుస్తుండగా గుంటూరు నుంచి పొయ్యి వచ్చింది. నలుగురు మనుషులు దాన్ని దించి లోపల గోడ పక్కన నిలబెట్టారు. వానలు ఇంకా పడలేదు, షాపు ముందు ఇంకా ఏడు మోటార్లు ఉన్నాయి. మస్తాన్‌బీ పొయ్యి తలుపు తీసి లోపల చెయ్యి పెట్టి చూసుకుంది. తర్వాత గడప మీద ఒక చెక్క వాలుగా వేసి, "రా తల్లీ" అంది.

దీనమ్మ బండి గడప దాటి లోపలికొచ్చింది. బల్ల దగ్గర ఆగి, తీగ చుట్ట అందుకుని, కొస వెతికి పట్టుకుంది. కుడిచెయ్యి వదులుగా, ఎడం చెయ్యి బిగువుగా.

"ఆగండాగండి!" అంటూ ప్రద్యుమ్నగారు ఫొటోగ్రాఫర్‌ను వెంటబెట్టుకుని లోపలికి వచ్చారు. "నూతన శిక్షణార్థికి తొలిస్పర్శ!" చెయ్యి చాచారు.

దారి ఇరుకు. బల్లకూ గోడకూ మధ్య సీతాపతి నిలబడి ఉన్నాడు. అతను కదల్లేదు.

"సార్, అటు రాకండి. పొయ్యి కాలుతోంది. చేతులు బొబ్బలెక్కుతాయి" అన్నాడు.

పొయ్యికి ఇంకా కరెంటు వైరు కూడా కలపలేదు. అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాదు, చెవులు ఎర్రబడ్డాయి. అయినా ప్రద్యుమ్నగారు చాచిన చెయ్యి చటుక్కున వెనక్కి తీసుకుని, జేబులో పెట్టుకుని, బయట నీడలో ఫొటో దిగుదామని పరాంకుశాన్ని పిలుచుకుంటూ వెళ్ళిపోయారు.

మస్తాన్‌బీ తల వంచుకుని నవ్వు ఆపుకుంటోంది. సీతాపతి అక్కడే నిలబడి దీనమ్మ చేతుల వైపు చూస్తున్నాడు. చూస్తుంటే తీగ దానంతటదే చుట్టుకుంటున్నట్టు ఉంది. ఏదైనా మంచి మాట చెప్పాలనిపించింది. నోరు తెరిచాడు.

"సారూ, కొంచెం జరగండి" అంది దీనమ్మ తల ఎత్తకుండా. "వెలుతురుకి అడ్డంగా ఉన్నారు."

సీతాపతి జరిగాడు. ఆ మూడు నెలల్లో అతను చేసిన పనుల్లో ఫలితం వెంటనే కనిపించింది దానికొక్కదానికే.